మూడో మలుపు దగ్గర మడమలు

సముద్రం ఒడ్డున, పార్కు గేటు నుంచి కొండ అంచు వెంబడి టీ కొట్టు దాకా ఒక కాలిబాట ఉంది. పగలు దాని మీద ఫొటోలు దిగని మనిషి లేడు. చీకటి పడితే మూడో మలుపు దాటిన మగాడు లేడు… అక్కడ దెయ్యం తిరుగుతుందట. మడమలు మనవైపు, నడక కూడా మనవైపేనట. చూసినవాళ్ళలో ఒక్కడూ అక్కడ నిమిషం నిలబడలేదు. వర్ణించడానికి మాత్రం గంట చాలదు వీరులకి.

దెబ్బ పడింది టీ కొట్టు అక్క మీద. ఆమెకి బేరమంతా సాయంత్రాలే. రెండు నెలలుగా పాలు విరిగిపోవడమే తప్ప టీ తాగే నాథుడు లేడు. నెలాఖరుకి కొట్టు ఎత్తేస్తానంది.

అది విని తమ్ముడికి ఒళ్ళు మండింది. అతను కరెంటు లైన్‌మన్. తల్లి లేని అతన్ని పెంచింది ఆ అక్కే.

"కరెంటుకి భయపడండ్రా, అది నిజంగా చంపుతుంది," అని ఆ రాత్రి పార్కు గేటు దగ్గర చేరిన పదిమందినీ దులిపేశాడు. "కొట్టు దాకా వెళ్ళొస్తా. ఇక్కడే ఉండండి."

దెయ్యం లేదంటూనే, అక్కని మాత్రం చీకటి పడకముందే ఇంటికి పొమ్మని పొద్దున్నే చెప్పి వచ్చాడు. అదీ మనవాడి ధైర్యం.

మొదటి మలుపు దాకా ఈల వేశాడు. రెండో మలుపులో ఈల ఆగింది… గాలి ఎక్కువైందని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

మూడో మలుపులో టార్చి వేశాడు.

తెల్లటి ముసుగు. ముఖం ఉండాల్సిన చోట ముఖం లేదు. కింద… మడమలు. అడుగు — ఆగడం — మళ్ళీ అడుగు. అతనివైపే.

"ఎ… ఎవరు?"

అలల హోరు ఆ గొంతుని మింగేసింది. వెనక్కి తిరిగి పరుగెత్తబోయి, చెప్పు తట్టుకుని బోర్లా పడ్డాడు. టార్చి ఆరిపోయింది. అడుగులు దగ్గరికొచ్చాయి. స్తంభాలెక్కే మొనగాడు కళ్ళు గట్టిగా మూసుకుని, చిన్నప్పటి గొంతుతో అరిచాడు.

"అక్కా!"

"ఏంట్రా?" అంది దెయ్యం.

మెల్లగా ఇటు తిరిగి, శాలువా తీసింది. "మోకాళ్ళ డాక్టరు రోజూ వెనక్కి నడవమన్నాడు. పగలైతే నవ్వుతారని కొట్టు కట్టేశాక, బాట పక్కన ఇనుప కమ్మీ పట్టుకుని ఈ మలుపు దాకా నడుస్తున్నా. నీకు చెబితే నువ్వే ముందు నవ్వుతావు."

తర్వాత కాస్త ఆగింది.

"ఎవరెవరో పరుగులు తీస్తుంటే కసరత్తేమో అనుకున్నాన్రా. అయితే… నా కొట్టుని ముంచింది నేనేనా?"

తమ్ముడు ఇసుక దులుపుకుంటూ లేచాడు. "రేపట్నుంచి పగలు నడు. అందరికీ చెప్పు."

"నువ్వు అక్కా అని ఏడ్చింది కూడా చెప్పాలా?"

అతను టార్చి వెతికి, తట్టి వెలిగించాడు. గేటు దగ్గర పదిమందీ తన కోసం కాచుకుని ఉన్నారు.

"చెప్పు," అన్నాడు చివరికి. "నవ్వి నవ్వి గొంతెండితే, టీకి నీ దగ్గరికే రావాలి వెధవలు."