గడప దాటని ఆడకూన

తెల్లవారేసరికి ఆకాశం కురవాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. మబ్బు కొండ నడుము దాకా దిగి అక్కడే ఆగిపోయింది. కాపరి దొడ్డి తడిక తీసి మంద మీద ఒకసారి చూపు తిప్పాడు. ఏదీ తగ్గలేదు.

మందకు కాపలా ఉన్న జడలకుక్క చలికాలంలో చచ్చిపోయింది. అప్పటి నుంచి తోడేళ్ళు మూడుసార్లు వచ్చి పోయాయి. ఒకప్పుడు ప్రతి దొడ్డిలోనూ ఉన్న జాతే అది. ఇప్పుడు వెతికినా దొరకదు. కుక్క లేని మంద ఎన్నాళ్ళు నిలుస్తుంది? బుధవారం వచ్చి తోలుకుపొమ్మని గొర్రెల బేరగాడికి మాట ఇచ్చేశాడు. ఆ రోజు నుంచి కూతురు అతనితో ముభావంగా ఉంది. మంద తనకు కావాలని ఆమె పట్టు.

ఉన్ని గదిలోంచి సన్నగా కుయ్యిమన్న శబ్దం వచ్చింది.

తలుపు తోశాడు. ఉన్ని మూటల మీద కూతురు కూర్చుని ఉంది. కాలు ఒకచోట నిలవదని ఇంట్లో అందరూ ఆమెను మిడత అంటారు. ఇవాళ మాత్రం కదలడం లేదు. ఒళ్ళో బొచ్చుముద్దలాంటి కూన.

“ఎక్కడిది?”

“దొరికింది నాన్నా. నిన్న వచ్చేటప్పుడు, కల్వర్టు కింద.”

కాపరి కూనను అందుకున్నాడు. వెనక కాళ్ళకు లోపలివైపు రెండేసి వేళ్ళు ఎక్కువ ఉన్నాయి. నోరు తెరిచి అంగిలి చూశాడు. నలుపు. అచ్చమైన జడలజాతి. తర్వాత వెల్లకిలా తిప్పి చూశాడు.

“ఆడది.”

“ఊఁ.”

“కల్వర్టు కింద పడి ఉన్నదానికి పొట్ట ఇంత నిండుగా ఎలా ఉంది? గోళ్ళెవరు కత్తిరించారు?”

పాలచెంబుతో తల్లి లోపలికి వచ్చింది.

“పొద్దున్నే పోలీసు పని మొదలెట్టారా? పాపం, ఆకలిగా ఉందేమో.”

“అది మనకన్నా బాగా తిని వచ్చింది,” అన్నాడు కాపరి. “నీ కూతురి బూట్లు చూడు. ఎర్రమన్ను. ఉన్ని మిల్లు దారంతా తారురోడ్డు. రెండు నెలలుగా ప్రతి ఆదివారం మిల్లుకని చెప్పి ఎక్కడికి పోతోంది?”

తల్లి చెంబు కింద పెట్టేసింది. ఆ బూట్లు తుడిచేది తనే. అడగడానికి భయపడి ఊరుకుంది.

“ఎవడే? ఎవడైనా ఉంటే చెప్పెయ్. చంపనులే.”

“అమ్మా, నీకు కుక్కపిల్లలో కూడా అల్లుడే కనబడతాడా!”

తల్లికి నవ్వు వచ్చింది. కాపరికి రాలేదు.

“జడలజాతి పెంచేవాళ్ళు మగకూనను అడిగినవాడికల్లా ఇస్తారు. ఆడకూనను మాత్రం బయటి గడపకు, పరాయి ఇంటికి ఇవ్వరు. తాతల నాటి కట్టుబాటు. కాబట్టి ఇది ఎవరూ ఇచ్చింది కాదు, దొరికిందీ కాదు. ఎత్తుకొచ్చింది.”

“నేను దొంగనా?”

“ఎర్రమన్ను నేలలో జడలజాతి ఆడకుక్క ఉన్నది ఒక్క ఇంట్లోనే.”

ఆ ఇల్లు ఎవరిదో తల్లికీ తెలుసు. కాపరి అక్కది. పందొమ్మిదేళ్ళ కిందట పెళ్ళయి వెళుతూ అక్క దొడ్డిలోని ఒక ఆడజాతి జడలకుక్కను బండెక్కించుకుంది. కాపరి బండికి అడ్డం నిలబడి, ఆమె అత్తవారందరి ముందూ దొంగ అన్నాడు. ఇక నువ్వు బయటి గడపవి అన్నాడు. అప్పటి నుంచి రాకపోకలు లేవు.

“అత్తే ఇచ్చింది,” అంది మిడత. “ఆమె పేరెత్తితే నువ్వు అన్నం ముందునుంచి లేచిపోతావని కల్వర్టు అన్నాను.”

“అబద్ధం మీద అబద్ధం. పద. ఎత్తుకొచ్చిన చోటే పెట్టి వద్దాం.”

కూనను బుట్టలో పెట్టుకుని తండ్రీ కూతురూ నడిచారు. దారి పొడుగునా అతనికి ఒకటే అనుమానం. పిల్ల దొంగిలించకపోతే అది ఇంకా ప్రమాదం. అక్క కావాలనే పంపి ఉంటుంది. ఇప్పుడు నలుగురినీ పిలిచి, నీ కూతురే దొంగ అని, దాచుకున్న మాట తన మొహాన కొడుతుంది.

మధ్యాహ్నానికి చేరారు. వాకిట్లో నలుగురు కాదు కదా, ఒక్కరూ లేరు. ఆనాటి ఆడకుక్క వంశంలోని తల్లికుక్క వాకిలి పక్క పాకలోంచి లేచి వచ్చి బుట్టను వాసన చూసి, వెళ్ళి మళ్ళీ పడుకుంది. దాని పక్కన ఒకే ఒక్క కూన.

అక్క చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. జుట్టు సగం తెల్లబడింది.

“వెనక్కి తెచ్చావా? తెస్తావనుకున్నాను.”

“పిల్ల తెలియక...”

“పిల్లకు అంతా తెలుసు. నాలుగు పుట్టాయి, రెండు పోయాయి. మిగిలిన రెండింటికీ నాతోపాటు సీసాతో పాలు పట్టి బతికించింది ఇదే. ఆదివారాలు మొత్తం ఈ పాకలోనే ఉంది. మందను అమ్మేస్తున్నావట కదా?”

కాపరి పాకలోకి చూశాడు. అక్కడ ఉన్నది మగకూన. ఉన్న ఒక్క ఆడదీ తన బుట్టలో ఉంది.

“ఆడకూనను ఇవ్వకూడదు కదా,” అన్నాడు చివరికి.

“బయటి గడపకు ఇవ్వకూడదు. నేనిచ్చింది నా పుట్టింటికిరా.”

అతను తల దించుకున్నాడు. అక్క గొంతు తగ్గించింది.

“ఆ రోజు నువ్వన్నది నిజమే. ఎత్తుకొచ్చాను. అన్నీ వదిలేసి వస్తున్నాను, ఆ ఇంట్లోది ఏదో ఒకటి నాతో ఉండాలనిపించింది. అడిగితే ఇవ్వవని తెలుసు.”

అడిగితే నిజంగానే ఇచ్చేవాడు కాదు. ఆ మరుసటి ఏడాదే కుక్కలకు జబ్బు తగిలి అతని దొడ్డిలోని ఆడవన్నీ ఒకే వారంలో పోయాయి. ఆనాడు అక్క కుక్కను బండి దించి ఉంటే అదీ వాటితోనే పోయేది. ఇన్నేళ్ళుగా తను తిట్టుకుంటూ వచ్చిన ఆ దొంగతనం వల్లే ఈ కాస్త విత్తనమైనా మిగిలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు, బుట్ట ఉంది.

మిడత వైపు తిరిగి బుట్ట ఆమె చేతుల్లో పెట్టాడు.

“నిన్నూ అదే మాట అన్నాను,” అన్నాడు. “బేరగాడికి ఫోన్ చెయ్. రావద్దని చెప్పు.”

అక్క లోపలికి వెళ్ళి మూడు పళ్ళేలు పెట్టింది. రొట్టెలు, పెరుగు, చిదిపిన ఉల్లిపాయ. కాపరి గడప దగ్గర చెప్పులు విడిచి వచ్చి కూర్చున్నాడు. రొట్టె తుంచుతున్న చప్పుడు మాత్రమే వినబడుతోంది. అతని పళ్ళెం ఖాళీ అవుతుండగా అక్క అడగకుండానే ఇంకో రొట్టె వేసింది.

అతను వద్దనలేదు.