నలభై ఒకటో ఖాతా

బ్యాగులో రెండు జతల బట్టలు, పవర్ లేని కళ్లజోడు, ఆడిట్ ఆఫీసరు పేరుతో ఒక దొంగ గుర్తింపు కార్డు, చెవిలో ఇమిడిపోయి మాటలు అటూ ఇటూ చేరవేసే రిసీవరు. ఏజెంట్ పిచ్చుక జిప్ లాగబోతుంటే బావ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండు మరదలా, ఇది కూడా పెట్టు." మడతపెట్టిన ఖాళీ సంచి.

"ఇదెందుకు బావా?"

"మీ అక్క వెళ్లి మూడేళ్లయింది. సామాన్లు పోగుపడి ఉంటాయి కదా."

"శనివారానికి ఇద్దరం వచ్చేస్తాం. అప్పటికి సింకులో అంట్లుంటే అక్క నిన్ను బతకనివ్వదు."

బావ నవ్వాడు. వీధి మలుపు దాకా వచ్చి, కారు ఎక్కించాడు.

చీఫ్ బ్రీఫింగ్ కారులోనే ముగించాడు.

"ఆపరేషన్ గడియ. ఆ యూనివర్సిటీ పవర్ ల్యాబ్‌లో మూడు నగరాల కరెంటును నడిపే కోడ్ ఉంది. ల్యాబ్ నుంచి బయటికి ఇంటర్నెట్ లైను రోజుకు రెండే నిమిషాలు తెరుచుకుంటుంది. సాయంత్రం నాలుగు యాభై ఎనిమిది నుంచి అయిదు దాకా. గురువారం ఆ రెండు నిమిషాల్లో విదేశీ ముఠా కోడ్‌ను పట్టుకుపోతుంది."

"ఎవరి లాగిన్‌తో సార్?"

"అదే తెలీదు. లేని మనుషులు నలభై మంది ఉన్నారక్కడ. చనిపోయిన ప్రొఫెసర్లు, ఎన్నడూ చేరని విద్యార్థులు. అందరికీ ఖాతాలు, కార్డులు, ఫోటోలు. చేసిచ్చింది మీ అక్కే."

అక్క డబుల్ ఏజెంట్. ఎవరు ఎవరో, ఎవరికి ఏ తలుపు తెరుచుకోవాలో నిర్ణయించే యూనివర్సిటీ ఐడెంటిటీ విభాగానికి ఆమె అధిపతి. ముఠా ఆమెను కొనుక్కున్నామనుకుంది, కానీ ఆమె చీఫ్ మనిషే.

గురువారం నాలుగింటికి పిచ్చుక అక్క ఆఫీసు గదిలో అడుగు పెట్టింది. బల్ల వెనక ఎర్రటి లిప్‌స్టిక్, ఎత్తు మడమల చెప్పులు, కత్తిరించిన జుట్టు. అక్కను ఒక్క క్షణం పోల్చుకోలేకపోయింది.

"మేడమ్, రికార్డులో ఈ ఫోటో మీదేనా?" కోడ్ ప్రశ్న.

"పాతది. అప్పట్లో నవ్వేదాన్ని." కోడ్ జవాబు. అక్క తలుపు మూసి గొంతు తగ్గించింది. "ఎంత చిక్కిపోయావే! మీ బావ వండి పెట్టడం లేదా?"

"పెడుతున్నాడు. అందుకే చిక్కాను."

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత స్క్రీన్ తిప్పి చూపించింది.

"ముందే మూస్తే ఇంకో రోజు చూసుకుంటారు. సరిగ్గా నాలుగు యాభై ఎనిమిదికి నలభై ఖాతాలూ ఒక్కసారే రద్దు చెయ్యి. నాది నలభై ఒకటోది, దాన్నీ రద్దు చెయ్యి. అది మిగిలిందంటే నా చేత నిమిషంలో మళ్లీ తెరిపిస్తారు."

"ఆ టైముకి నువ్వు వాళ్లతో ల్యాబ్‌లో ఉంటావు కదా. కార్డు చచ్చిపోతే బయటికెలా వస్తావు?"

"ఇంకోటి చేసుకున్నాలే. నలభై మందిని పుట్టించినదాన్ని, నాకోసం ఒక కార్డు చేసుకోలేనా?"

చెల్లెలి కాలర్ సర్ది, తన కుర్చీలో కూర్చోబెట్టి, అలాంటి రిసీవరే తన చెవిలోనూ పెట్టుకుని వెళ్లిపోయింది. మడమల చప్పుడు వరండా చివరిదాకా వినిపించింది.

నాలుగు యాభై ఎనిమిది. పిచ్చుక బటన్ నొక్కింది. నలభై ఒక్క పేర్లు ఎర్రబడ్డాయి.

పక్క స్క్రీన్ మీద తలుపుల చిట్టాలో కొత్త వరస పడింది. పవర్ ల్యాబ్. అక్క కార్డు. అనుమతి లేదు.

మళ్లీ. అనుమతి లేదు.

"అక్కా, ఆ రెండో కార్డు వాడు!"

రిసీవరులో ఎవరో మగమనిషి అరుస్తున్నాడు. దాని మీదుగా అక్క గొంతు, నింపాదిగా. "లేదే. చేస్తే వీళ్ల కంట పడేది."

"తెరిచేస్తున్నాను."

"తెరిస్తే నా లాగిన్‌తోనే పంపించేస్తారు. ఈ కోటు వేసుకున్న ముఠావాడు నా ఖాతా మళ్లీ తెరుచుకుందేమోనని తుపాకీ పెట్టి నా చేత కార్డు కొట్టిస్తున్నాడు. కొట్టించుకోనీ. నువ్వు మాత్రం ముట్టుకోకు పిచ్చుకా."

పిచ్చుక వేలు బటన్ మీదే ఉంది. నొక్కలేదు. మూడోసారి, నాలుగోసారి. తొమ్మిది వరసలు పడ్డాయి. పదోది పడలేదు. రిసీవరు మూగబోయింది.

అయిదింటికి లైను మూసుకుంది. కోడ్ కదల్లేదు. అయిదూ ఆరుకు కమాండోలు తలుపు బద్దలుకొట్టి ఆ కోటు మనిషిని పట్టుకున్నారు.

"రెండో కార్డు లేదని మీకు తెలుసా సార్?"

గదికి వచ్చిన చీఫ్ కిటికీలోంచి బయటికి చూశాడు. "నీకు చెప్పొద్దంది."

రద్దు చేసిన ప్రతి ఖాతాకూ కారణం ఎంచుకోమని కంప్యూటర్ అడిగింది. జాబితాలో నాలుగే ఉన్నాయి. రిటైర్మెంట్, రాజీనామా, చదువు పూర్తి, బదిలీ. పిచ్చుక చాలాసేపు చూసి, నలభై ఒకటో పేరు పక్కన బదిలీ అని పెట్టింది. కంప్యూటర్ ధన్యవాదాలు చెప్పింది.

శనివారం బావ స్టేషనుకు వచ్చాడు. రైలు ఖాళీ అయ్యేదాకా ప్రతి పెట్టె తలుపూ చూశాడు.

అక్క తిరిగి రాలేదు. ఆమె చనిపోయింది మార్చి పదకొండు, గురువారం, సాయంత్రం అయిదుకు ఒక నిమిషం ముందు.