జిన్‌జీ అత్తగారి ఎర్ర హెడ్‌ఫోన్లు

“నా చావుకి ముహూర్తం పెట్టుకొచ్చావుటే, మహాతల్లీ!”

అత్తగారు జిన్‌జీ విసిరిన హెడ్‌ఫోన్లు గిర్రున వెళ్ళి సోయాపాల గిన్నెకి తగిలి నేలమీద పడ్డాయి. గిన్నె బోర్లా పడింది. వంటింటి నేలంతా పాలే! కోడలు బీలియెన్ గబుక్కున వంగింది. ఎంత వెతికి, ఎంత ఏరి తెచ్చింది! కట్టు కట్టిన కుడిచెయ్యి భగ్గుమంటున్నా, ఆ చేత్తోనే వాటిని తీసి కొంగులా వేలాడుతున్న ఏప్రన్‌తో తుడిచింది.

తైనాన్‌లో ఒక ఇరుకు సందులో మూడంతస్తుల సన్నటి ఇల్లు వాళ్ళది. కింద వంటిల్లు, అత్తగారి గది. మధ్యలో బీలియెన్, ఆమె మొగుడు రుయిథాంగ్‌ల గది. పైన పోయిన పెద్దల పూజాపీఠం. పోయినేడాది పోయిన మామగారి పటం కూడా అక్కడే. బీలియెన్ ఫలహారాల దుకాణంలో రాత్రంతా నూనె మూకుడు ముందు నిలబడి, తెల్లారాక ఇంటికొచ్చి, పైన అగరుబత్తి వెలిగించి పక్క ఎక్కేది. సరిగ్గా అప్పుడే కింద అత్తగారి టేప్‌రికార్డర్ మొదలు! పాత తైవాన్ నాటకాల ఏడుపు పాటలు... మొగుణ్ణి పోగొట్టుకున్న రాణి ఏడుస్తుంది, సవతి చేతిలో పడిన పిల్ల ఏడుస్తుంది, వాళ్ళతోపాటు నిద్రలేని కోడలూ ఏడుస్తుంది! చెవుల్లో దూది కుక్కుకుంది. తలుపు సందున తువ్వాలు దూర్చింది. ఏం లాభం? “కాస్త తగ్గించండత్తయ్యా” అంటే ఇంకాస్త పెరిగేది. మొగుడితో చెప్పుకుంటే, “అమ్మ సంగతి నీకు తెలీదా? సర్దుకుపో” అని సామాన్లు చేరవేసే బండెక్కి వెళ్ళిపోయేవాడు. సర్దుకోవడానికి ఆడదాని ఒళ్ళు అటకా ఏమన్నానా!

చివరికి నిద్రమత్తులో చెయ్యి నూనెలో పడింది. దుకాణం యజమానురాలు కట్టు కట్టిస్తూనే చెప్పేసింది: “ఇంకోసారి ఇలా తూగావంటే రానక్కర్లేదమ్మా. నాకూ భయమే.”

ఆ సాయంత్రమే, చెప్పులకని దాచుకున్న డబ్బు పట్టుకుని పాటల సామాన్ల కొట్టుకి వెళ్ళింది. చెవిలో దూర్చేవి ముసలిచెవికి నొప్పి. తీగలేనివి రోజూ ఛార్జింగ్ పెట్టాలి, ఆవిడ పెట్టదు. పైగా ఆ పాత పెట్టెకి అతకవు. పెద్దవి మెడకి బరువు. ఇక చవకవాటిలోనే మెత్తటి దిండ్లున్నవి, పొడుగు తీగవి ఏరి, “ఏడుపు పాట పెట్టు బాబూ” అంది. కొట్టువాడు తెల్లబోయాడు. ఆడగొంతు పైకి లేచినప్పుడు కొన్ని కీచుమన్నాయి, కొన్నిట్లో గొంతు బావిలోంచి వచ్చినట్టుంది. ఒకదాన్లో మాత్రం రాణి పక్కన కూర్చుని ఏడ్చినట్టే వినిపించింది. తెల్లరంగు చావుది కదా అని, శుభమని ఎర్రవి అడిగి తీసుకుంది. ఇంత చేసినా... ఇదా ఫలితం!

“మీకు నచ్చాలనే తెచ్చాను కదత్తయ్యా! ఇందులో ముహూర్తమేమిటి?”

“ఏమిటా? ఆయన పోయిన రోజు బుద్ధుడి పేరు పలికే జపం పెట్టె ఆయన చెవి దగ్గర పెట్టిందెవరు? నువ్వు కాదూ?” ముసలావిడ హెడ్‌ఫోన్లకేసి వేలు చూపించింది. “ఊపిరాగిపోయినా వినిపిస్తుందని, తెల్లవార్లూ చెవి పక్కనే పట్టుకు కూర్చున్నావు. ఇప్పుడు నా చెవి దొరికిందా? బతికుండగానే నాకూ బిగించేస్తావా?”

ఆ సంగతి బీలియెన్‌కి తట్టనే లేదు! ఈ ఊళ్ళో ఏ ముసలివాళ్ళకైనా చెవి దగ్గర పాట పెడితే గుర్తొచ్చేది అదే కదా! తప్పే... కానీ ఆ రాత్రి ఆ పెట్టె పట్టుకునే ధైర్యం ఈ ఇంట్లో ఇంకెవరికుంది? కాలిన చేతిమీద కారం చల్లినట్టయింది ఆమెకి.

“సరే అత్తయ్యా. మీ పాట మీరు వినండి. నేను మా అమ్మ దగ్గరికి పోతాను.”

“పో! ఆపేదెవరు? పోయేటప్పుడు ఆ ఎర్రచిప్పలు కూడా పట్టుకుపో!”

టేప్‌రికార్డర్ పాట మళ్ళీ అందుకుంది. బీలియెన్ తన గదిలో బట్టల పెట్టె సర్దింది. హెడ్‌ఫోన్లు మెడలో వేసుకుని, మామగారికి ఒక్క మాట చెప్పి వెళదామని పైకెక్కింది. అగరుబత్తి వెలిగించే ముందు, అలవాటు ప్రకారం తలుపు మూసి గడియ పెట్టింది. పక్కింటి పిల్లి వచ్చి నైవేద్యం ఎంగిలి చేస్తోందని రోజూ అలాగే మూస్తుంది, వెళ్ళేటప్పుడు బయటినుంచి కూడా.

గడియ చప్పుడైందో లేదో, కింద పాట రెట్టింపయింది!

“చూశారా మామయ్యా, ఎంత కసో!” అని కళ్ళొత్తుకుంది. అంతలో పాట అయిపోయింది. మెట్లమీదుగా అత్తగారి గొంతు సన్నగా పైకి తేలి వచ్చింది. తిట్టే గొంతు కాదు అది...

“వినిపిస్తోందా, ముసలోడా? మళ్ళీ తలుపేసినట్టుంది ఆ మహాతల్లి. నేను పైకి రాలేను, మోకాళ్ళు పోయాయి... ఇంకాస్త పెంచుతానుండు. నీకిష్టమైన పాట వస్తోంది.”

బీలియెన్ ఒక్క అంగలో తలుపు చేరింది. తలుపు తీసింది. పాట గదిలోకి నేరుగా వచ్చింది. మూసింది. అణిగిపోయింది. అయ్యో... ఇన్నాళ్ళూ తను మూయడం, ఆవిడ పెంచడం! మధ్యలో నలిగింది తన నిద్ర! ఒక్క మాట... ఒక్క మాట చెబితే పోయేదిగా!

గబగబా కిందికి దిగి, పాడుతున్న టేప్‌రికార్డర్‌ని చంకన పెట్టుకుంది.

“దొంగముండా! పోతూ పోతూ అదీ దోచుకుపోతావా!”

బీలియెన్ ఆగకుండా మెట్లెక్కింది. దాన్ని పైన పీఠం ముందు పెట్టి, మళ్ళీ వచ్చి, అత్తగారి ముందు వీపు పెట్టి కూర్చుంది. “ఎక్కండి.”

“ఎక్కడికి?”

“మామయ్య దగ్గరికి. తలుపు తియ్యమని ఎందుకు చెప్పలేదత్తయ్యా?”

ముసలావిడ ముఖం తిప్పుకుంది. “నా మొగుడికి పాట వినిపించుకోడానికి నీ సెలవు తీసుకోవాలా?”

అయినా ఎక్కింది. ఎక్కాక నోరు ఊరుకుందా! “మెల్లగా నడువు, పడేస్తావు. ఎముకలు తప్ప ఏం లేదు నీ వీపున, తింటున్నావా లేదా?” రెండో అంతస్తు దాటాక, మెట్ల పక్క కమ్మీ పట్టుకున్న కోడలి చేతికట్టు కంట పడింది కాబోలు, ఆ తరవాత మాట లేదు.

పటం ముందు కూర్చోబెట్టగానే జిన్‌జీ బావురుమంది. ఆరునెలలకి చూస్తోంది ఆయన్ని! చాలాసేపటికి, కోడలి మెడలో ఉన్న ఎర్ర హెడ్‌ఫోన్లకేసి చెయ్యి చాచింది.

“ఇటియ్యి. చిప్పలు విడదీస్తే విరగవు కదా?”

బీలియెన్ తీగని టేప్‌రికార్డర్‌కి గుచ్చి ఇచ్చింది. ముసలావిడ ఒక చిప్ప తన చెవికి ఆనించుకుంది. పటం దగ్గరికి జరిగి, రెండోది సాగదీసి పటంలో ముసలాయన చెవికి ఆనించింది. ఇల్లంతా నిశ్శబ్దం... ఆవిడ పెదవులు మాత్రం పాటతోపాటు కదులుతున్నాయి.

పాట అయ్యాక పీఠం మీది నెలవంక చెక్కలు రెండూ అడిగి తీసుకుంది. పెద్దల్ని ఏదైనా అడగాలంటే వాటిని విసరడమే. లోపల ఏదో గొణుక్కుని విసిరింది. రెండూ వెల్లకిలా పడ్డాయి. అంటే ఆయన నవ్వుతున్నాడు, జవాబు చెప్పలేదు.

“నవ్వకు! సరిగ్గా చెప్పు!” అని కసిరి మళ్ళీ విసిరింది. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా. అవునన్నాడు!

“ఏమడిగారత్తయ్యా?”

జిన్‌జీ హెడ్‌ఫోన్లు తలకి సర్దుకుంది. కోడలివైపు చూడలేదు.

“నువ్వు సర్దిన పెట్టె విప్పించమంటావా అనడిగాను. విప్పించమన్నాడు. నాకేం ఇష్టమై కాదు, ఆయన మాట తీసెయ్యలేను కనక! పో, పోయి పడుకో. నన్ను దించడానికి లేవాలి మళ్ళీ...”

బీలియెన్ మధ్య అంతస్తుకి దిగింది. పెట్టె విప్పకుండానే పక్కమీద వాలింది. చెవుల్లో దూది పెట్టుకోవలసిన పని లేకపోయింది.