గాలికి ఊగని పొద

“ఇవాళ పొద్దు గూకేలోపు అది ఆగిపోవాలి,” అన్నాడు చీఫ్.

మ్యాపు మీద అతని వేలు ఒక కొండ దగ్గర ఆగింది. పోయిన నెల కార్చిచ్చుకు ఆ కొండమీది అడవంతా బూడిదైంది. ఇప్పుడు శత్రు ముఠా దాని గట్టు మీద దారి సిగ్నల్ పంపే ఒక దొంగ బీకన్ పెట్టెను పెట్టింది. మబ్బుల్లో వచ్చే విమానానికి అది తప్పుడు దారి చూపిస్తుంది. శాంతి చర్చలకు ప్రతినిధులను తీసుకొస్తున్న విమానం సాయంత్రం ఆ కొండ పక్క కనుమలోంచే రావాలి. ఆ సిగ్నల్ నమ్మిందంటే నేరుగా కొండను ఢీకొంటుంది.

“పైలట్‌కు చెప్పేస్తే పోదా సార్?”

“అతనున్న ఎయిర్‌పోర్టులో ప్రతి ఫోనుకూ వాళ్ల చెవులున్నాయి. మనకు తెలిసిందని పసిగడితే ఇంకో పెట్టె ఇంకోచోట పెడతారు. హెలికాప్టర్ చప్పుడు విన్నా అంతే. ఒంటరి ట్రెక్కర్‌నైతే ఎవడూ పట్టించుకోడు.”

“గట్టు మీద ఎక్కడ సార్?”

“అది తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను? మనకు కబురిచ్చిన మనిషి అక్కడే ఉంటుంది. అగ్గిపెట్టె ఉందా అని అడుగు. ఇంకా కాలడానికేముంది అని జవాబు రావాలి.” చీఫ్ మ్యాపు మడిచాడు. “పైలట్ మీ బావమరిదే.”

వింటున్న గూఢచారిని డిపార్ట్‌మెంటులో తాబేలు అంటారు. ఆలస్యంగానైనా చేరతాడని ఆ పేరు. చీఫ్ మాట వినగానే తాబేలు బ్యాక్‌ప్యాక్ అందుకున్నాడు. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు వాడు. పెళ్లినాటికి ఇంకా నిక్కర్లేసుకునేవాడు. తన చేతులతోనే వాడికి సైకిలు నేర్పాడు.

ఎండ ఎక్కేసరికి తాబేలుకు తల ప్రాణం తోకకొచ్చింది. వీపున బ్యాక్‌ప్యాక్, చేతిలో కర్ర. అడుగు వేస్తే బూడిద, తీస్తే బూడిద. చెట్ల వేళ్లు కూడా కాలిపోయి నేల లోపల బోలుగా ఉంది. చూసుకోకుండా అడుగేసి రెండుసార్లు మోకాలి దాకా దిగబడ్డాడు. కాలిన మొద్దులు గాలికి కిర్రుమంటున్నాయి, ఏది ఎప్పుడు మీద పడుతుందో దేవుడికే ఎరుక. వాగు నీళ్లు ఫిల్టర్‌తో వడకట్టినా పొగ వాసన పోలేదు. ముక్కు మూసుకుని తాగాడు.

‘ఈ వయసులో ఇదేం ఖర్మరా బాబూ’ అనుకున్నాడు. నిజమే మరి, అతని ఈడువాళ్లంతా కుర్చీల్లో కూర్చుని పక్కవాళ్లను కొండలెక్కిస్తున్నారు.

గట్టు చేరేసరికి పొద్దు వాలింది. ఎటు చూసినా నల్లటి మొద్దులే. వాటి మధ్య నల్లరంగు పూసి ఉంటారనుకున్న పెట్టెను వెతకడమంటే గడ్డివాములో సూదిని వెతకడమే. అటు చివరి నుంచి ఇటు చివరికి వెతికి, ఇక కాళ్లు మొరాయిస్తే ఒక బండ మీద చతికిలబడ్డాడు. బావమరిది పోతే ఇంటికెళ్లి భార్య మొహం ఎలా చూడాలి? కళ్లు తడయ్యాయి.

బూడిదలోంచి అక్కడక్కడా చిన్న చిన్న పచ్చటి మొలకలు తలెత్తుతున్నాయి. అన్నీ గాలికి ఊగుతున్నాయి. ఒక్క పొద మాత్రం ఊగడం లేదు. నడుమెత్తు పొద. నెల తిరక్కుండానే అంత ఎత్తు ఎలా పెరిగింది?

తాబేలు లేచాడు. దగ్గరికెళ్లి పట్టుకుంటే ప్లాస్టిక్ ఆకులు. లోపల పెట్టె, దాని మీద ఎర్రలైటు. చేతికర్ర పిడి తిప్పి వైర్ కట్టర్ బయటికి లాగాడు.

“కట్ చేయకండి,” అంది వెనక ఒక గొంతు.

పిస్టల్ పట్టుకుని ఆమె నిలబడి ఉంది. ఇంత బూడిదలోనూ లిప్‌స్టిక్ చెదరలేదు. ముఠాలో ఉంటూ ఇటూ పనిచేసే డబుల్ ఏజెంట్. డిపార్ట్‌మెంటులో ఆమె ముద్దుపేరు డబుల్ డెకర్.

“అగ్గిపెట్టె ఉందా?” అన్నాడు తాబేలు.

“ఇంకా కాలడానికేముంది? వైరు తెగితే పెట్టె పేలుతుంది. అడుగున ప్లగ్గుంది, అది పీకండి. దానిమీద నా వేలిముద్ర పడకూడదు.”

కోడ్ సరిపోయింది. కానీ డబుల్ డెకర్‌కు రెండు వైపుల కోడ్‌లూ తెలుసు. ప్లగ్గు పీకితేనే పేలుతుందేమో. మబ్బుల వెనక విమానం హోరు మొదలైంది.

“మిమ్మల్ని ఎందుకు నమ్మాలి?”

“అడవి కాలిపోయిందని మావాళ్లకు నేను చెప్పలేదు,” అందామె నీరసంగా. “అందుకే పచ్చ కవరు పంపారు. పెట్టె మీకు దొరకొద్దనుకుంటే దానికి ఇంత మసి పూయలేనా?”

తాబేలు ఆ పొదను మళ్లీ ఒకసారి చూశాడు. దాచాలనుకున్న వాళ్లెవరూ ఈ బూడిదలో అలాంటిది పెట్టరు. కళ్లు మూసుకుని ప్లగ్గు పీకాడు.

ఎర్రలైటు ఆరింది. హోరు మీదికొచ్చి, ఒక పక్కకు ఒరిగి, కనుమ వైపు సాగిపోయింది.

“రోజంతా తిరిగాను,” అన్నాడు తాబేలు బూడిదలో కూలబడి. “ఇంకాస్త పెద్ద పొద తెప్పించలేకపోయారా?”

ఆమె పిస్టల్ పక్కన పెట్టి తనూ కూలబడింది. విమానం దిగేంతసేపు ఆగి, తాబేలు శాటిలైట్ ఫోన్‌లో నంబరు నొక్కాడు.

“ప్రయాణం ఎలా జరిగిందిరా?”

“ఏముంది బావా, ఒట్టి బోరు. నువ్వేం చేశావు ఇవాళ?”

“ఒక ప్లగ్గు పీకాను.”

“రోజంతా దానికేనా?” అన్నాడు బావమరిది. “గవర్నమెంటు ఉద్యోగమంటే నీదే బావా.”