దుబాసి పూస

ధృతి అత్తగారు లాస్యమ్మకు ఏ సంగతీ మొదటినుంచి చెప్పడం రాదు. మొదటికన్నా ముందునుంచి చెబుతుంది. మోకాలు నొప్పి అనడానికి దివిసీమను సముద్రం మింగిన ఏడు ఎత్తుకుని, పడవ ఎక్కుతుంటే ఆడపడుచు చీర తడిసిన వైనం మీదుగా ఆవిడ మోకాలికి చేరేసరికి, వింటున్న కోడలికి ఎక్కడో ఒకచోట నొప్పి మొదలయ్యేది.

సముద్రం తరిమిన తీరగ్రామాలన్నీ ఇప్పుడు కొరాపుట్ కొండల మీద కాలనీలై ఉన్నాయి. అక్కడి సర్కారు ఆసుపత్రిలో రోగులది తెలుగు, డాక్టర్లది ఒడియా. మధ్యన దుబాసీలు ఉండేవారు. వాళ్లకు జీతాలివ్వాలి, సెలవులివ్వాలి. పైగా ముసలమ్మ కథంతా ఓపిగ్గా విని, ఇంకేమన్నా ఉందా పిన్నీ అని మళ్లీ అడిగేవారు. ఆ కాసేపట్లో మరో ఇద్దరు రోగులను చూడొచ్చని ఆరోగ్యశాఖ గోల. ఆ శాఖలో భాషాయంత్రాల ఇంజనీరైన ధృతి ఆ గోల తీర్చేసింది.

ఆమె కనిపెట్టిన దుబాసి పూస శనగగింజంత ఉంటుంది. డాక్టరు చెవి వెనక అతికించుకుంటాడు. తెలుగును ఒడియా చేయడం దానికి చిన్నపని. పాత యంత్రాలూ చేసేవి. దీని గొప్పంతా వడపోతలో ఉంది. రోగానికి సంబంధించిన మాట ఉంచి, తక్కిన సోదంతా డాక్టరు చెవిన పడకుండా ఆపేస్తుంది. ఏది సోదో యంత్రానికి నేర్పాలంటే ఆగకుండా మాట్లాడే మనిషి కావాలి. ధృతికి ఆ మనిషి ఇంట్లోనే ఉచితంగా దొరికింది. ఒక పూస వంటగది అలమారలో కూర్చుని అత్తాకోడళ్లను వింటూ నెలల తరబడి నేర్చుకుంది. ఇప్పటికీ నేర్చుకుంటూనే ఉంది; నేర్చుకున్నది ఎప్పటికప్పుడు డాక్టర్ల పూసలన్నిటికీ అందిస్తుంది. దుబాసీలకు శాలువాలు కప్పి ఇళ్లకు పంపేశారు.

ఓ ఉదయం లాస్యమ్మకు తల పగిలిపోయే నొప్పి, వాంతులు. పూసను అన్ని జిల్లాలకూ ఇవ్వాలా అన్న విషయం మీద ఆ రోజే సమావేశం. పూస ఉందిగా, తానెందుకని ధృతి అత్తగారిని ఒక్కదాన్నే ఆసుపత్రి బండి ఎక్కించింది. ఆవిడ డాక్టరు ముందు చాలాసేపు మాట్లాడింది. ఆయన చెవిలో పడినవి రెండే ముక్కలు: తలనొప్పి, వాంతులు. మాత్రలిచ్చి పంపాడు.

మర్నాటికల్లా కుడికన్ను చీకటైపోయింది. కంటిలో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోయిందని, నిన్ననే తెలిస్తే చూపు దక్కేదేమోనని కంటిడాక్టరు చెప్పింది. దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపించాయా అని అడిగింది.

"కనబడకేం? దేవుడి దీపం చుట్టూ ఇంద్రధనుస్సు కట్టింది. అమ్మవారు కరుణించిందని ఎంత మురిసిపోయానో. నిన్న ఆ డాక్టరబ్బాయికీ చెప్పానుగా" అంది లాస్యమ్మ.

ధృతి నిన్నటి డాక్టరు పూసను అడిగి తీసుకుని, ఆసుపత్రి వరండాలోకి వచ్చి తన చెవికి పెట్టుకుంది. ఆ మాట ఎందుకు ఆపావని అడిగింది.

"భక్తి కింద వడపోతలో పోయింది. మీరు నేర్పిందే" అంది పూస.

"దీపాల సంగతి నేనెప్పుడూ నేర్పలేదు."

"నేర్పారు. వంటగదిలో ఆవిడ ఎలాంటివి చెబుతుంటే మీరు వినకుండా ఊఁ కొడతారో, అలాంటివన్నీ వదిలేయడం నేర్చుకున్నాను. మొన్న సాయంత్రం ఇంద్రధనుస్సు సంగతి ముందు మీకే చెప్పారు. మీరు ఊఁ అన్నారు."

ధృతికి గుర్తులేదు. ఆమెను భయపెట్టింది అదే. కాలనీల్లోని ముసలమ్మలందరినీ డాక్టర్లు ఇన్నాళ్లూ ఒక కోడలి చెవితోనే విన్నారు. ఎవరెవరి మాట ఎక్కడెక్కడ ఆగిపోయిందో. నిన్న సమావేశంలో మాత్రం అందరూ చప్పట్లు కొట్టారు. ఉత్తర్వు మీద సంతకం ఈ మధ్యాహ్నమే.

ఆమె లోపలికి వెళ్లేసరికి ఆరోగ్యశాఖ కార్యదర్శి పరామర్శకు వచ్చి మంచం పక్కన నిలబడి ఉన్నాడు. యంత్రమన్నాక చిన్న లోపాలుంటాయని, సరిచేసుకోవచ్చని సర్దిచెప్పాడు.

"పూసనేమీ అనకే అమ్మాయ్. నాకే చెప్పడం చేతకాదు" అంది లాస్యమ్మ, కోడలు ఎటువైపు ఉందో ఎడమకంటితో వెతుక్కుంటూ.

ధృతి పూస తీసి కార్యదర్శి చేతిలో పెట్టింది.

"సంతకం పెట్టకండి సార్. దుబాసీలను మళ్లీ పిలిపించండి" అని, అత్తగారి కుడిచెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చుంది. "మీరు నాకు చెప్పారత్తయ్యా. నేను వినలేదు. తప్పు నాది."