ఆవిరికి దారి లేని ఇంజన్

సుబేదారిలోని ఆ చిన్న గదిలోకి బక్కమ్మ ఏడుస్తూ వచ్చింది. ప్రైవేటు డిటెక్టివ్ లియాఖత్ అలీ కుర్చీ చూపించినా నేల మీదే కూలబడింది. పక్కనే ఉన్న సహాయకుడు మొగిలయ్యకు ఆమె చీర నుంచి ఇంజన్ నూనె వాసన గుప్పుమంది.

"నా పెనిమిటి పోశయ్య రైసుమిల్లుల ఇంజన్ డ్రైవరు సాబ్. మూడు నెలల సంది బొగ్గు డబల్ అయితాందట. అమ్ముకున్నడని ఠాణాల పెట్టిండ్రు. ఆయన దొంగ కాదు!"

"నువ్వు మిల్లుల పనిచేస్తవా?" అడిగాడు అలీ.

"లే సాబ్. గోడెనుకనే మా ఇల్లు."

మర్నాడు పొద్దున మిల్లులో కొత్త డ్రైవరు బొగ్గు ఎత్తిపోస్తూనే ఉన్నాడు. ఇంజన్ మాత్రం ఈడ్చుకుంటూ తిరుగుతోంది.

"దొంగ ఠాణాల ఉన్నడు గద రావుసాబ్! మరి ఈ బొగ్గు ఎవరు తింటాండ్రు?" అన్నాడు అలీ.

యజమాని రాజేశ్వర్ రావు ముఖం తిప్పుకున్నాడు.

అలీ ఒకప్పుడు రైలింజన్లు బాగుచేసే లోకోషెడ్డులో ఫిట్టరు. కాసేపు కళ్ళు మూసుకుని విన్నాడు. "మొగిలీ, ఆవిరి బయటికి పోయే చక్ చక్ సప్పుడు వినబడ్తాందా?"

"లేదు సాబ్."

"గదే మరి."

ఈసారీ సాబ్ పట్టేశాడని మొగిలయ్య పొంగిపోయాడు.

సాయంత్రం అలీ అందరినీ మిల్లు గోడ వెనక, బక్కమ్మ ఇంటి దగ్గరికి పిలిపించాడు. మిల్లులో పనిచేసే ఆడవాళ్ళు ఓ పక్కన నిలబడ్డారు. పోశయ్య చేతులకు తాడు కట్టి కానిస్టేబుల్ తీసుకొచ్చాడు. ఇంజన్ నుంచి ఆవిరి బయటికి పోయే లావు గొట్టంలో ఎవరో సన్నగొట్టం దూర్చి, సందుల్లో సిమెంటు దట్టించారు. దాని మూతి నీళ్ళ గాబులో మునిగి ఉంది.

"పనిజేసిన ఆవిరి బయటికి పోవాలె," అన్నాడు అలీ. "దారి ఇరుకైతే వెనక్కి తంతది. బ్యాక్ ప్రెషర్ అంటరు. ఒకదిక్కు కొత్త ఆవిరి పిస్టన్ను నూకుతాంటె, ఇంకోదిక్కు పాతది అడ్డం నిలబడ్తది. బలమంతా దాన్ని నూకుటానికే పాయె, గందుకే బొగ్గు డబల్ కాలుతాంది. బొగ్గు ఎవ్వడూ దొంగిలించలే."

"మరి గొట్టం పెట్టిందెవడు?" రావు అరిచాడు.

అలీ గొంతు తగ్గింది. "ఆవిరితోటి ఇంజన్ నూనె గూడ కొట్టుకొస్తది. ఈ నీళ్ళు వాడినోళ్ళ బట్టలకు ఆ వాసన పోదు."

బక్కమ్మ కొంగు ముక్కుకు పట్టి చూసుకుంది.

"వడ్ల నూగుకు ఈ ఆడోళ్ళ ఒళ్ళంత దద్దుర్లు సాబ్. ఉత్తగ పోయే ఆవిరే గదా, వాళ్ళ తానానికి ఉడుకునీళ్ళయితయని నేనే పెట్టిన. ఇంజనుకు ఏమైతదో నాకేం ఎరుక?"

"నాకెరుక," అన్నాడు పోశయ్య. "రెండోనాడే సప్పుడు పడిపోయింది. తీసేద్దామని పోతె, తానం జేసి ఆడోళ్ళు నవ్వుకుంట పోతాండ్రు. చెయ్యి రాలే. దొంగనంటె నేనొక్కణ్నే పోదును. ఈ సాబునెందుకు తోలుకొచ్చినవే?"

"రాత్రీపగలు మంటబెట్టి బాయిలర్ గొట్టాలన్ని కాలినయి," అన్నాడు రావు, బక్కమ్మను చూపిస్తూ. "దాన్ని పట్టుకపోండ్రి!"

ఆడవాళ్ళు తలలు వంచుకుని వెనక్కి జరిగారు. మొగిలయ్య అలీ వైపు చూశాడు. అలీ గాబులోకే చూస్తున్నాడు.

కానిస్టేబుల్, పోశయ్య చేతుల తాడు విప్పి, బక్కమ్మతో "నడువమ్మా," అన్నాడు.

పోశయ్య రెండు చేతులూ మళ్ళీ ముందుకు చాచాడు.

"నీ మీద కేసు లేదు. ఇంటికి పో," అన్నాడు కానిస్టేబుల్.

పోశయ్య చేతులు దించలేదు.