ఏడో తూము దగ్గర బుంగ

చేపలమ్మే మనిషి భోజ్‌పురీలో ఏదో అన్నాడు. వకుళ చెవిలో అది "రొయ్యలు పొద్దున్నే వచ్చాయమ్మా, చూడండి" అని తెలుగులో వినిపించింది. ఆమె వద్దంది. ఆ మాట అతని చెవిలో అతని భాషలో పడింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. మాటవారధి వచ్చిన ఇరవై ఆరేళ్ళలో ఆ అలవాటు తగ్గిపోయింది.

చెవి వెనక అతికించుకునే మినపగింజంత పరికరమది. ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడితే చాలు. బతుకుతెరువు కోసం ఇక ఎవరూ ఇంగ్లీషు నేర్చుకోనక్కర్లేదన్నారు దాన్ని తెచ్చినవాళ్ళు. అది నిజమే. కాకపోతే వారధి లోపల నడిమిభాష ఇంగ్లీషే. తెలుగు ముందు ఇంగ్లీషవుతుంది, ఆ ఇంగ్లీషు మలయాళమో ఒడియానో అవుతుంది. ఏ తెలుగు మాటను ఏ ఇంగ్లీషు మాటకు ముడివేయాలో తేల్చే కార్యాలయం కాకినాడలో ఉంది. వకుళ అక్కడ పదిహేనేళ్ళుగా పదయోజకురాలు.

ఆ ఉదయం ఆమె బల్ల మీద తెరుచుకున్నది 'ఖాళీల వర్గం'. తెరుచుకున్నవాటికీ, విరిగినవాటికీ, ఉండాల్సిన చోట లేకుండా పోయినవాటికీ ఇంగ్లీషులో ఉన్న మాటలన్నీ అందులో ఉంటాయి. గ్యాప్, క్రాక్, హోల్, స్లిట్, బ్రేక్, బ్లాంక్, బ్రీచ్. వాటికి ముడివేసిన సందు, పగులు, చిల్లు, గండి పక్కన కనిపిస్తాయి. ప్రతి ఇంగ్లీషు మాటకూ ఒక ప్రమాదాంకం ఉంది. గ్యాప్‌కి రెండు, హోల్‌కి ఏడు, బ్రీచ్‌కి తొమ్మిది. ఆనకట్టల దగ్గరా ఆస్పత్రుల్లోనూ యంత్రాలు ఆ అంకెను బట్టే కదులుతాయి. అయిదు దాటితే గంట మోగుతుంది.

పై అధికారి ఫణీంద్ర వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"రేవుపాడు విచారణ పూర్తయింది వకుళగారూ. తప్పంతా ఒక్క మాట దగ్గర తేలింది. మీరోసారి వినాలి."

గోదావరి డెల్టాలోని రేవుపాడు దగ్గర అయిదు నెలల కిందట కాలువ గట్టు తెగి పదకొండు మంది పోయారు. ఆ వార్త వకుళ అందరిలాగే విన్నది. ఇప్పుడు ఆ గట్టు కాపలా కాసిన లస్కరు గొంతు వినిపించింది.

"ఆయ్, ఏసుపాదాన్నండి, రేవుపాడు లస్కర్ని. ఏడో తూము కాడ గట్టుకి బుంగ పడిందండి. బురద నీళ్ళొత్తన్నాయి. తొరగా మనుషుల్ని పంపండి."

వారధి ఆ బుంగను 'గ్యాప్' అంది, గంట మోగలేదు. నియంత్రణ గదిలోని మలయాళీ ఇంజనీరు చెవిలో అది గట్టు పక్కన కాస్త ఖాళీ జాగాగా పడింది. "ఖాళీ ఉందని రాసుకున్నాం, వారంలోపు వచ్చి చూస్తారు" అన్నాడతను. గంట తర్వాత ఏసుపాదం మళ్ళీ చేశాడు. మూడోసారి అతని గొంతు పగిలింది.

"కాళీ కాదండీ బాబూ! బుంగ! బుంగ!"

'గ్యాప్ కాదు. గ్యాప్. గ్యాప్.' వారధి రాసుకున్నది అంతే. తాగి మాట్లాడుతున్నాడనుకున్నాడు ఇంజనీరు. సాయంత్రానికి గట్టు తెగింది. ఇసుక బస్తాలు వేస్తున్న ఏసుపాదమే ముందు కొట్టుకుపోయాడు.

వకుళ కాఫీ తాగింది. నాలుక కాలిందని కాసేపటికి గాని తెలియలేదు.

పదకొండేళ్ళ కిందట ఆ ముడి వేసింది తనే. ఆ రోజు మూడు వందల మాటలు తేల్చాలి. బుంగ అంటే ఒక నిఘంటువులో కుండ అని, మరోదానిలో గట్టుకు పడే రంధ్రమని ఉంది. యంత్రం గ్యాప్ అని సూచించింది, ఆమె సరేనంది. ఆమె పుట్టి పెరిగింది అనంతపురం వైపు. ఆమె ఊళ్ళో తెగడానికి కాలువలు లేవు.

"తప్పెవరిదని ఎవరూ అడగడం లేదండీ," అన్నాడు ఫణీంద్ర. "దిద్దితే చాలు. ఆ ఊరివాళ్ళ నోట మూడు గొంతుల్లో ఆ మాట పట్టుకురండి. నిబంధన తెలుసు కదా, వాడుకలో వినపడని మాటకు కొత్త ముడి వెయ్యలేం."

మర్నాడు ఆమె రేవుపాడు వెళ్ళింది. బస్సు దిగేసరికి బడి విడిచే వేళయింది. పంచాయతీ గోడ మీద పెద్ద అక్షరాలతో ఒక పట్టీ ఉంది. క్రాక్, లీక్, హోల్, బ్రీచ్. అన్నీ తెలుగు లిపిలో. పిల్లలు దాని ముందు నిలబడి ఒక్కో మాటా గట్టిగా పలికి ఇళ్ళకు పోతున్నారు.

ఏసుపాదం భార్య కరుణమ్మ కాలువ గట్టు మీద ఉంది. భర్త ఉద్యోగం ఆమెకే ఇచ్చారు. ఖాకీ చొక్కా చీర మీద తొడుక్కుంది. వకుళ తానెవరో చెప్పింది. తడబడకుండా మిగతాది కూడా చెప్పింది.

"మీ ఆయన అన్న మాటను తప్పుగా ముడివేసింది నేనేనమ్మా."

కరుణమ్మ ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. తిడుతుందనుకుంది వకుళ. తిడితే బాగుండునని కూడా అనుకుంది.

"మీరాండి," అంది కరుణమ్మ. "ఆఫీసంటే మిసనుంటదనుకున్నానండి. మనిసుంటారనుకోలేదు." తర్వాత నడక సాగించింది. వకుళ వెంట నడిచింది.

"ఆ మాట సరిచెయ్యాలని వచ్చాను. మీరొకసారి అంటే చాలు. ఇంకో ఇద్దరు కూడా."

"ఇక్కడెవరూ అనరండి. కమిటీ పెట్టుకుని మానేసేం. మా వోళ్ళ నోటెంట వొచ్చిందేదీ ఆ మిసనుకి ఎక్కదండి. గట్టు గురించీ, రోగం గురించీ ఇంగిలీసు మాటలే అనమని పిల్లలకి నేర్పుతున్నాం."

"ఈసారి సరిగ్గానే ఎక్కుతుంది."

"అదెవరు సెప్పాలండి? మల్లీ నీళ్ళొచ్చేకేగా తెలిసేది?"

కింద కాలువలో రెండో పంటకు, దాళ్వాకు, వదిలిన నీళ్ళు నిండుగా, చప్పుడు లేకుండా పోతున్నాయి. కొంత దూరం పోయాక కరుణమ్మ గట్టు వాలులోకి దిగి వంగింది. గడ్డి మొదట్లోంచి సన్నగా నీరు ఊరుతోంది. వేలు పెట్టి చూసింది. వేలికి బురద అంటింది. చెవి వెనక నొక్కి, ఒక్కో మాటా విడదీసి పలికింది.

"హోల్. మడ్డీ వాటర్. పదకొండో తూము. హోల్."

మనుషులు బయలుదేరారని వెంటనే జవాబొచ్చింది. అరగంటలో ఇసుక బస్తాలతో బండి వచ్చింది. ఆ రోజు రేవుపాడులో ఎవరికీ ఏమీ కాలేదు.

పనివాళ్ళు బస్తాలు సర్దుతుంటే ఆడవాళ్ళిద్దరూ పక్కన నిలబడ్డారు. వకుళ చెవి వెనకనుంచి పరికరం తీసి సంచీలో వేసుకుంది. కరుణమ్మ కూడా తీసి గుప్పిట్లో పెట్టుకుంది.

"యంత్రానికి కాదు. నాకు చెప్పండి. ఒక్కసారి. దాన్ని మీ ఇంట్లో ఏమనేవాళ్ళు?"

కరుణమ్మ నోరు తెరిచింది. పెదవులు కలిశాయి, ఆ మాట మొదలయ్యే చోటే. అక్కడే ఉండిపోయాయి.

"రాటం లేదండి," అంది చివరికి, మామూలు గొంతుతో. "ఆయన అరిసింది ఇనపడతంది గానీ, నాకు రాటం లేదండి."

పనివాళ్ళలో ఒకడు ఏదో అడిగాడు. అది ఏ భాషో ఇద్దరికీ తెలియలేదు. కరుణమ్మ గుప్పిట విప్పి పరికరం తిరిగి పెట్టుకుని, అతనికి జవాబు చెప్పడానికి గట్టు దిగింది.